నడావళికెక్కని మాట

మా ఆఫీసులో నా చేతిరాతకు మంచి పేరుండేది. గొప్ప కోసం చెప్పడం లేదు. జరిగిన తప్పు అక్కడి నుంచే మొదలైంది కాబట్టి చెబుతున్నాను.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు కొందరు ఈమధ్య మా ఇంటికొచ్చారు. "మేడం, మీ సర్వీసులో మరచిపోలేని సంగతి ఒకటి రాసియ్యండి, మాకు పనికొస్తుంది" అని అడిగారు. వాళ్ళు అడిగింది వరదల్లో పడవెక్కి అన్నం పొట్లాలు పంచిన కథలాంటిదని నాకు తెలుసు. అలాంటివి నా దగ్గరా ఉన్నాయి. బంధువుల పెళ్ళిళ్ళలో చెప్పుకుని మురిసిపోయిన సందర్భాలూ ఉన్నాయి. మరచిపోలేనిదంటే మాత్రం, నేను రాయకుండా వదిలేసిన ఒక మాట ఉంది. మీరు బాధపడినా సరే, అదే చెబుతాను.

బళ్ళారి జిల్లాలో కాలువ నీళ్ళతో వరి పండే ఒక తాలూకా ఊరు మాది. ఊరి పేరూ మనుషుల పేర్లూ రాయను. తెలిసినవాళ్ళకు తెలుస్తుంది, తెలియనివాళ్ళకు అక్కర్లేదు. మా తాత కాలం నుంచి మిషను కాంపౌండులో మా కాపురం. మా అమ్మ మిషను బడిలో టీచరు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతకు పోతే ఉర్దూ. తాలూకా ఆఫీసులో చేరాక నాకు ఈ మూడు భాషలూ పనికొచ్చాయి. అక్కడ రాతంతా కన్నడంలో నడుస్తుంది. జనంలో సగానికి సగం తెలుగు మాట్లాడతారు. మైసూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చిన అధికారి ఎవరైనా సరే, ఎదుటి మనిషి తెలుగులో మొదలుపెట్టగానే "ఆ తెలుగు మేడంని పిలవండి" అనేవారు. నేను పోయి కూర్చునేదాన్ని. జనం తెలుగులో చెప్పింది విని, సారాంశం కన్నడంలో రాసేదాన్ని. సభలో ఎవరు ఏమన్నారో, ఏం తేలిందో రాసిపెట్టే ఆ కాగితాన్ని మా వైపు నడావళి అంటారు.

నా నడావళి పొట్టిగా, శుభ్రంగా ఉండేది. ఒకరు చెప్పిందే పదిమంది చెబితే పదిసార్లు రాసేదాన్ని కాదు. "ఇతరులు కూడా ఇదే అభిప్రాయం తెలిపారు" అని ఒక్క వరుసలో కట్టేసేదాన్ని. మా శిరస్తేదారు, అంటే మా గుమాస్తాలందరికీ పెద్ద, నా కాగితం పట్టుకుని పక్క గదుల్లోకి పోయి అందరికీ చూపించేవాడు.

"చూడండప్పా, పెండ్లిలో విస్తరి వడ్డించినట్ల ఉండాది. ఏది యాడ ఉండాల్నో ఆడ ఉండాది. మీరూ రాస్తారు, కోడి కెలికినట్ల" అనేవాడు.

ఆ మెప్పు నా తలకెక్కింది. నాకంటే ముందు చేరినవాళ్ళు కూడా నా దగ్గరికొచ్చి నమూనా అడుగుతుంటే ఎవరికి మాత్రం ఎక్కదు?

ఇంకొక అలవాటు కూడా చెప్పాలి. నడావళి చివర ఒక వాక్యం ఉండి తీరాలి. "పై విషయాలన్నీ సభలో చదివి వినిపించగా, హాజరైనవారు సరిగా ఉన్నాయని ఒప్పుకున్నారు" అని. నేను చేరిన కొత్తలో నిజంగానే చదివి వినిపించేవాళ్ళం. పోనుపోనూ జనానికి బస్సు తొందర, అధికారికి ఇంకో సభ తొందర. ఎవరూ చదవరు, ఎవరూ వినరు. నేనైతే ఆ చివరి పేజీని ముందురోజే ఇంట్లో కూర్చుని రాసి పెట్టుకునేదాన్ని. ప్రశాంతంగా రాస్తే అక్షరాలు గుండ్రంగా వస్తాయి. సభ రోజున మధ్య పేజీలు నింపితే పని అయిపోయేది. నవ్వకండి. మీ కంప్యూటర్లలో ఆ వాక్యం ఎవరూ రాయకుండానే వచ్చి కూర్చుంటుందని విన్నాను.

ఇక ఆవుల సంగతి. ఊరికి కాస్త దూరంలో, కాలువ నీళ్ళు ఎక్కని మిట్ట నేల మీద పెద్ద డెయిరీ పెడతామని బయటి కంపెనీ ఒకటి వచ్చింది. పెద్దదంటే మనం చూసినంత పెద్దది కాదు. వేల ఆవులు, ఏడాది పొడుగునా షెడ్డు కిందే మేత, మిషన్లతో పాలు పిండడం. పేడ, ఉచ్చ, కడిగిన నీళ్ళు అన్నీ చెరువంత గుంతల్లోకి పోతాయి. మ్యాపులో ఆ గుంతలు మిట్టకు దిగువన, తూర్పు అంచున గీశారు.

ఊరు ఒప్పుకోలేదు. పాలు పోసే ఆడవాళ్ళు తమ సొసైటీ మూతపడుతుందన్నారు. బజారువాళ్ళు వాసనన్నారు, బడివాళ్ళు ఈగలన్నారు. అందరికంటే గట్టిగా నిలబడినవాళ్ళు క్యాంపులవాళ్ళు. కాలువ వచ్చిన కొత్తలో కోస్తా నుంచి వచ్చి, కంప కొట్టి, మళ్ళు చేసుకుని స్థిరపడిన రైతుల ఊళ్ళను మేం క్యాంపులనే అంటాం. వాళ్ళు ట్రాక్టర్లు తెచ్చి రోడ్డు మీద నిలబెట్టారు. ఒకరోజు బజారంతా మూసేశారు. చివరికి జిల్లా నుంచి ఉత్తరువు వచ్చింది. జనం అభ్యంతరాలు వినడానికి సభ పెట్టండి, నమోదైన ప్రతి అభ్యంతరానికీ కంపెనీ చేత జవాబు రాయించండి, ఆ జవాబుల్నే అనుమతిలో షరతులుగా పెట్టండి అని. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. కాగితం మీదికెక్కిన అభ్యంతరానికి జవాబు ఉంటుంది. ఎక్కనిదానికి ఏమీ ఉండదు.

సభ బడి ఆవరణలో, షామియానా కింద పెట్టారు. మా అధికారి కుర్రవాడు, మంచివాడు, వచ్చి మూడు నెలలే అయింది, తెలుగు ఒక్క ముక్క రాదు. కంపెనీ మనిషి పెద్ద టీవీ తెచ్చి, పచ్చిక మీద తిరుగుతున్న ఆవుల బొమ్మలు చూపించాడు.

మా శిరస్తేదారు నా చెవి దగ్గర, "ఆ ఆవుల్ని చూస్తాంటే రిటైరైనంక నేనే ఆడ పోయి ఉండాలనిపిస్తాంది మా" అన్నాడు.

మొదట మాట్లాడింది క్యాంపు పెద్దాయన. తెల్లటి పంచె, చేతిలో కాగితమేమీ లేదు.

"మా తాతలు మూటలు నెత్తిన పెట్టుకుని వచ్చారండి ఇక్కడికి. మేం పేడ వాసన తెలియనివాళ్ళం కాదు. ఇంటికి రెండు గేదెలుంటే దాన్ని పేడంటాం, పొలానికి వేస్తాం. వేల పశువులది ఒక్కచోట పోస్తే దాన్నేమంటారో, ఎక్కడ వేస్తారో ఆ బాబుని చెప్పమనండి."

జనం చప్పట్లు కొట్టారు. నేను రాసుకున్నాను. తర్వాత పాల సొసైటీ ఆమె లేచి, "మీ పాలు వచ్చినంక మా పాలు యెవురు దీసుకుంటారప్పా? మా గొడ్లను ఏం చేసుకుందుము?" అని కంపెనీ మనిషినే సూటిగా అడిగింది. అదీ రాసుకున్నాను. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా అవే మాటలు. వాసన, ఈగలు, పాలు, గడ్డి. మళ్ళీ వాసన. నా వరుస నాకు పనికొచ్చింది. ఇతరులు కూడా ఇదే అభిప్రాయం తెలిపారు.

మూడు దాటేసరికి షామియానా ఖాళీ అయింది. సిరుగుప్ప పోయే బస్సు కోసం సగం మంది లేచిపోయారు. కరెంటు పోయి మైకు ఆగిపోయింది. వీడియో తీసేవాడు భోజనానికని పోయి మళ్ళీ రాలేదు. శిరస్తేదారు జీపు సంగతి చూడటానికి గేటు దగ్గరికి పోయాడు. కంపెనీ మనిషి టీవీకి అట్టపెట్టె తొడుగుతున్నాడు. అప్పుడొచ్చింది ఆమె.

ఆమెను ఊళ్ళో అందరూ ముఠా అక్క అనేవారు. కాలువ కింద మళ్ళలో నాట్లు వేసే ఆడవాళ్ళ ముఠాకు ఆమె పెద్ద. ఏ మడికి ఎప్పుడు నీళ్ళొస్తాయో, ఎక్కడ ఊట ఉందో రైతుల కంటే ఆమెకే బాగా తెలుసు. మిట్టకు దిగువన తూర్పు వైపు ఉన్న కేరిలో వాళ్ళ ఇల్లు. మాదిగల వాడను మా దిక్కు కేరి అంటారు. ఆ రోజు నాట్లు ఆపడానికి వీల్లేక, కేరి మొత్తం తరఫున ఆమె ఒక్కతినే పంపారు. పిక్కల మీద బురద ఎండి తెల్లబడి ఉంది. బల్ల ముందుకొచ్చి, కొంగు భుజం మీదుగా నిండుగా కప్పుకుని, అధికారికి దణ్ణం పెట్టి మొదలుపెట్టింది.

"వాసన గురించి నేను చెప్పను సామీ. అది మాకు అలవాటే. ఆ మిట్ట కిందనే మా బాయి ఉండాది. మిట్ట మీద చేన్లో బోరు నీళ్ళు పారిచ్చిన్నాడల్లా, రెండో దినానికి మా బాయిలో నీళ్ళు పైకెక్కుతాయి. నేను శానా తూర్లు చూసినాను. అంటే పైన ఏం పోస్తే అది మాకొస్తాది. మీరు పేడ గుంత ఈ పక్క తవ్వుతామంటాండారు. ఈ పక్క వద్దు. వంక దాటినంక, ఆ పక్క తవ్వుకోండి. ఆవుల్ని పెట్టుకోవద్దని మేం అనం. గుంత ఒక్కటి జరపండి. మాకు తాగేదానికి వేరే నీళ్ళు లేవు."

ఇంతే. ఇంతకు మించి ఒక్క మాట లేదు. పొద్దుటి నుంచి అంతమంది మాట్లాడితే, చేయదగ్గ పని ఒకటి చూపించి, ఇది చాలు అన్నది ఆమె ఒక్కతే.

అధికారి గడియారం చూసుకున్నాడు. "ఏమంటున్నారు?" అని కన్నడంలో అడిగాడు.

"పేడ గురించే సార్."

"అదే అభ్యంతరమా?"

"అదే సార్" అన్నాను.

ఆయన తలాడించి లేచాడు. ముఠా అక్క నా వైపు వంగింది. ఆమె చిన్నప్పుడు రెండేళ్ళు మా అమ్మ దగ్గర చదువుకుంది. తన పేరు రాయడం నేర్చుకున్నది అక్కడే.

"రాసుకుంటివా మా?" అంది.

"రాసినానక్కా."

"టీచరమ్మ కూతురివి. నువ్వు రాస్తే సరిగ్గా రాస్తావు" అని, మిగిలిన నాట్లకు వెళ్ళిపోయింది.

ఎందుకు అట్లా చేశానని నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను. నాకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఎవరూ బెదిరించలేదు. కంపెనీ మనిషి నా ముఖం కూడా చూడలేదు. జరిగింది చెబితే మీకు నమ్మశక్యం కాదు. మధ్య పేజీలన్నీ అప్పటికే నిండిపోయాయి. చివరి పేజీలో ముందురోజు గుండ్రంగా రాసుకున్న ఆ వాక్యానికి పైన మూడు వరుసల చోటు మిగిలింది. బావికి వేరే అంకె వేసి, వేరే శీర్షిక పెట్టి రాయాలంటే మూడు వరుసలు చాలవు. ఆ పేజీ కొట్టేసి మళ్ళీ రాయాలి. బల్ల మీద తెల్లకాగితాల దస్తా ఉంది. ఇంకొకటి తీసుకుంటే అయిపోయేది. తీసుకోలేదు. "కేరి తరఫున హాజరైన మహిళ కూడా పేడ విషయమై ఇదే అభిప్రాయం తెలిపింది" అని రాశాను. రెండు వరుసల్లో సరిపోయింది. ఒక వరుస ఖాళీ మిగిలితే చూడటానికి అందంగా ఉందని కూడా అనుకున్నాను.

జవాబులు వచ్చాయి, అనుమతి వచ్చింది. వాసన అన్నందుకు చుట్టూ నాలుగు వరుసల చెట్లు. ఈగలన్నందుకు వారానికోసారి మందు. సొసైటీ ఆడవాళ్ళ పాలు కంపెనీయే కొనాలని షరతు. గడ్డి అన్నందుకు గడ్డికి ఏదో రాశారు. గుంత మాత్రం మ్యాపులో ఎక్కడ గీశారో అక్కడే తవ్వారు. దాన్ని జరపమని కాగితం మీద ఎవరూ అడగలేదు గదా. క్యాంపు పెద్దాయన కొన్నాళ్ళు తిరిగాడు. తర్వాత జనం ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు.

రెండు వానాకాలాలు గడిచాయి. మూడోదాంట్లో ముఠా అక్క, కేరి ఆడవాళ్ళూ మా ఆఫీసుకు వచ్చారు. ఆమె చేతిలో కూల్‌డ్రింకు సీసా. అందులో బావి నీళ్ళు. మూత తీస్తే గదిలో ఉన్నవాళ్ళందరం కిటికీ వైపు తిరిగాం. కేరిలో చంటిపిల్లలకు వాంతులు, పెద్దలకు ఒళ్ళంతా దురదలు. నీళ్ళను పరీక్షకు పంపితే తాగడానికి పనికిరావని వచ్చింది. కంపెనీ మాత్రం తమ గుంత గట్టిదనీ, కేరివాళ్ళు కొత్తగా కట్టుకున్న మరుగుదొడ్ల వల్లే బావి చెడిందనీ రాసిచ్చింది.

అప్పటికి అధికారి మారాడు. ముఠా అక్క ఆయన ముందు నిలబడి ఒకటే మాట అంది.

"మేం ముందే చెప్పినాం సామీ. నేనే వచ్చి చెప్పినాను. ఈయమ్మే రాసుకునె. మీ బుక్కులో ఉంటాది, తీసి చూడండి."

నన్ను చూపించింది. నమ్మకంగా, తనవైపు సాక్షిని చూపించినట్టే చూపించింది. నేను ఫైలు తెస్తానని బయటికి వచ్చాను. రికార్డు గదిలో ఆ ఫైలు దొరకడానికి నిమిషం పట్టలేదు. నా ఫైళ్ళు ఎప్పుడూ వరుసలోనే ఉండేవి. తెరిచి, ఆ రెండు వరుసలూ చదువుకుని, మళ్ళీ దాని చోటులోనే పెట్టేశాను. తర్వాత పోయి, "రేపు చూసి చెబుతాను సార్" అన్నాను. ఆడవాళ్ళు వెళ్ళిపోయారు.

వాళ్ళు పోయాక అధికారికి ఉన్నదున్నట్టు చెప్పాను. "ఆమె చెప్పింది సార్. నేనే రాయలేదు."

ఆయన లేచి తలుపు దగ్గరికి వేశాడు. చెడ్డవాడు కాదు. "మీరు రాసిస్తే నేను పైకి పంపిస్తాను. కానీ చదివి వినిపించామని రాసి, వినిపించలేదని ఇప్పుడంటే మీ మీద విచారణ వస్తుంది. రిటైర్మెంటుకు ఎనిమిది నెలలే ఉంది. పెన్షను ఆగిపోతుంది. రెండు రోజులు ఆలోచించుకోండి, మేడం" అన్నాడు.

ఆ సాయంత్రం మా పాత శిరస్తేదారు ఇంటికి పోయాను. రిటైరై రెండేళ్ళైంది, మోకాళ్ళు పట్టేసి వసారాలో కూర్చుని ఉన్నాడు. అంతా విన్నాడు. నాకు తెలిసిన ఇన్నేళ్ళలో ఆయన నవ్వకుండా విన్న మాట అదొక్కటే.

"అందరిదీ ఒక్క వరుసలో కట్టెయ్యమని నేర్పింది నేనే గదమ్మా" అన్నాడు.

"నేర్పలేదు సార్. మెచ్చుకున్నారు, అంతే."

"రెండూ ఒకటేలే. రాసియ్యి. నా పేరు గూడా రాయి. సభలు ముగిసినంక యెప్పుడూ చదివి వినిపిచ్చేది లేదు, శిరస్తేదారుకూ తెలుసు అని రాయి. నేను సంతకం పెడతా. ఒక్కదానివే యెందుకు మోస్తావు?"

అంత మాట అన్నాడు ఆయన. తన పెన్షను కూడా పోతుందని తెలిసే అన్నాడు. ఇంత తోడు దొరికాక కూడా నాకు చేతకాలేదు. ఇంటికి వచ్చి రెండు రోజులు తలనొప్పని పడుకున్నాను. మూడో రోజు ఆఫీసుకు పోయి, నా గుండ్రటి అక్షరాలతో ఇలా రాశాను: "ఫైలు పరిశీలించగా, కేరి బావి విషయమై సదరు సభలో ఎలాంటి అభ్యంతరమూ నమోదు కాలేదు." అందులో తప్పు మాట ఒక్కటి లేదు. నమోదు కాలేదన్నది నిజమే. అధికారి చదివి, నా వైపు చూడకుండా సంతకం పెట్టాడు. ఆ జవాబే కేరికి పోయింది.

ఆ నెల మొదటి ఆదివారం మందిరంలో బల్ల, అంటే ప్రభువు పేరిట ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం, తీసుకోవడానికి నేను లేవలేదు. పాస్టరుగారి భార్య ఒంట్లో బాగాలేదా అని అడిగింది. అవునన్నాను. తర్వాత నెలా లేవలేదు. ఆ పై నెల ఎవరూ అడగలేదు.

కేరికి రోజు మార్చి రోజు నీళ్ళ ట్యాంకరు పెట్టారు. బావి మీద బండలు పరిచారు. నా రిటైర్మెంటు సభలో శాలువా కప్పి, ఈమె నడావళిలో ఒక్క కొట్టివేత ఉండేది కాదని ముగ్గురు పొగిడారు. నేను చేతులు జోడించి కూర్చున్నాను. ఏడాదికి పెన్షను కాగితాలు చేతికొచ్చాక నాకు ధైర్యం కూడా వచ్చింది. ఇది సిగ్గుపడుతూనే రాస్తున్నాను. జరిగిందంతా రాసి, సంతకం పెట్టి, ఆఫీసులో ఇచ్చాను. తీసుకున్నట్టు ముద్ర వేసిచ్చారు. మూసేసిన ఫైలుకు తర్వాత వచ్చిన కాగితం ఎటు పోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. విచారణ రాలేదు. ఏమీ రాలేదు.

అప్పుడు కేరికి పోయాను. తిట్లు తినడానికే పోయాను. ఆమె ఏమేమి అనగలదో దారి పొడుగునా అనుకుంటూ, అన్నిటికీ తల వంచడానికి సిద్ధపడి పోయాను.

వీధిలో చాలా ఇళ్ళకు తాళాలున్నాయి. నీళ్ళు లేని చోట ఉండలేక కొందరు బెంగళూరు కట్టుబడి పనులకు, కొందరు ఆడపిల్లల అత్తవారి ఊళ్ళకు పోయారు. ముఠా అక్క గడప ముందు కూర్చుని, చింతకాయలు కొట్టి గింజలు తీస్తోంది. బాగా చిక్కిపోయింది.

"రామ్మా, టీచరమ్మ కూతురు గదా. కూచో. నీళ్ళిస్తును గానీ ట్యాంకరువి. తాగుతావా?"

ఇచ్చింది. తాగాను. చెంబు కింద పెట్టి, ఇక ఆగకుండా చెప్పేశాను.

"ఆ దినం నువ్వు బాయి మాట చెప్పినావక్కా. నేను రాయలేదు. రాసినానని నీకు అబద్ధం చెప్పినాను. ఆఫీసు నుంచి మీకొచ్చిన జవాబు గూడా నేను రాసిందే."

ఆమె చేతిలో కర్ర ఆగింది. నా వైపు అట్లాగే చూస్తూ ఉండిపోయింది. కోపం కోసం ఆ ముఖంలో వెదికాను. కనిపించలేదు.

"నేను చెప్పినానా?" అంది.

"చెప్పినావక్కా."

"గుంత ఆ పక్కకు తవ్వుకోండి అని, నా నోటితో చెప్పినానా?"

"చెప్పినావు. నేను విన్నాను."

ఆమె కర్ర పక్కన పెట్టింది. మెల్లగా, నాతో కాదన్నట్టు చెప్పుకుంటూ పోయింది.

"మీ పేపరు వచ్చిన దినం ఈ వీధిలోనే సదివిరి. నమోదు కాలేదంట అనిరి. అందరి బదులు నిన్ను పంపిస్తిమి గదా, ఏం చెప్పొచ్చినావు అని అడిగిరి. మా అల్లుడు ఆ షెడ్డులో పనికి చేరిన్యాడు గదా, అందుకే నోరు మూసుకోనొచ్చిందనిరి. మొదట్లో కొట్లాడినా. పేపర్లో లేదు గదా అంటే నేనేం చెప్పేది? పోనుపోనూ నాకే అనుమానమొచ్చె. ఆ దినం ఆఫీసరు ముందర నిలబడితే కాళ్ళు వణికె. మాట నోట్లోనే ఉండిపోయిందేమో, చెప్పినానని ఊరికే అనుకుంటాండానేమో అని. నేను గట్టిగా చెప్పింటే బాయి నిలబడి ఉండేదేమో. ఇంతమంది ఊరిడిసి పోయింది నా వల్లేనేమో అని. ఎన్ని దినాలు అనుకున్న్యానో నీకేం తెలుసు."

నేను చేసిన తప్పుకు ఒక బావి పోయిందని అనుకుంటూ వచ్చాను. నా రెండు వరుసలు ఆమె నోట్లోంచి ఆమె మాటనే తీసేసుకున్నాయని, ఇన్నాళ్ళు నా నేరం ఆమె మోసిందని అక్కడ కూర్చునేదాకా నాకు తెలియదు. ఏడుపొచ్చింది. ఆమె ముందు ఏడ్చే హక్కు నాకుందా అని ఆపుకున్నాను.

ఇంట్లోంచి కోడలు బిందె తీసుకుని బయటికొచ్చింది.

"ఏమ్మే, ఈడికి రా. ఈయమ్మ ఏమంటాందో విను. నేను చెప్పినానంట" అంది ముఠా అక్క. మళ్ళీ చెప్పమని నా వైపు చూసింది. నేను మళ్ళీ చెప్పాను, మొదటి నుంచి.

కోడలు బిందె చంకనెత్తుకునే విన్నది. "ఇప్పుడు యెవురికి చెప్పాలత్తా? నిన్ను అన్న్యోళ్ళంతా ఇండ్లకు బీగాలేసి పోయిరి గదా" అంది.

"వాళ్ళు పోతే పోనీ" అంది ముఠా అక్క. కాసేపు ఎండలోకి చూసింది. "మా ఇంటాయన పోయినేడు పాయె. ఆయన గూడా నేను చెప్పలేదనే అనుకుంటా పాయె. నువ్వు ఒక్క యేడు ముందు రాకపోతివి గదమ్మా."

కాసేపటికి ఆమె కర్ర తీసుకుని మళ్ళీ చింతకాయలు కొట్టడం మొదలుపెట్టింది. నన్ను పొమ్మనలేదు, ఉండమనలేదు. బస్సు వేళ దాటిపోయేదాకా నేను పక్కన కూర్చుని గింజలు ఏరుతూ ఉండిపోయాను.